ఆటల శీర్షిక: ఆఖరి ఇరవై నిమిషాల్లో చేజారుతున్న మ్యాచ్‌లు

ప్రశ్న: మాది నల్లగొండలో డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్. ఈ ఏడాది ఆరు మ్యాచ్‌లాడితే ఆరూ పోయాయి. హాఫ్ టైమ్ దాకా సమానంగానే ఉంటాం. చివరి ఇరవై నిమిషాల్లో రెండు మూడు గోల్స్ పడిపోతాయి. మా స్టాపర్ (వెనక నడుమ ఆడే డిఫెండర్) పొడగరి, షాట్ గట్టిగా కొడతాడు. అతణ్ని ఫార్వర్డ్‌గా ఆడిద్దామని మా ఆటల మాస్టారు పీడీ సారు అంటున్నారు. మంచిదేనా?
– టీమ్ కెప్టెన్, నల్లగొండ

జవాబు: స్టాపర్‌ను ఇప్పుడు కదపకండి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపిన మాట నిజమే. ఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టారు, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. కానీ ఆయన వదిలిన చోటు కాయడానికి వెనక దీటైన ఆటగాళ్లున్నారు. పైగా మీ జబ్బు గోల్ కొట్టలేకపోవడం కాదు, చివర్లో ఇచ్చేయడం.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. పడిన ప్రతి గోల్‌కూ ఏ నిమిషం, బంతి ఎక్కడ పోయింది, ఆఖరి పాస్ ఏ వైపు నుంచి వచ్చింది, కొట్టినవాడికి దగ్గర్లో మనవాడెవరు అన్నవి రాయండి. కాలేజీ టీముల్లో తరచూ కనిపించేది ఇది: 65వ నిమిషం దాటాక ఫార్వర్డ్‌లు వెనక్కి రారు, డిఫెండర్లు భయంతో గోల్ వైపు జరుగుతారు. నడుమ మైదానమంతా ఖాళీ. ఎదుటివాడు అక్కడ బంతి ఆపి, తలెత్తి చూసుకుని, తీరిగ్గా పాస్ ఇస్తాడు. ఆఖరి డిఫెండర్‌కూ ముందున్న ఫార్వర్డ్‌కూ ఎడం 35-40 మీటర్లు మించకూడదు. ప్రాక్టీసులో 35 మీటర్ల ఎడంతో రెండు సున్నపు గీతలు గీసి, అందరూ వాటి మధ్యే ఉండి ఆడండి. బంతి ముందుకు పోగానే ‘ఎక్కండి’ అని అరవాల్సింది మీ స్టాపరే. మైదానమంతా కనబడేది వెనకున్నవాడికే కదా.

ఇక దమ్ము. గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు ఒకే వేగంతో తిరిగితే ఫుట్‌బాల్ దమ్ము రాదు. ఈ ఆటంతా ఉరకడం, ఆగడం, మళ్లీ ఉరకడం. వారానికి రెండు రోజులు 30 మీటర్లు పూర్తి వేగంతో ఉరికి, నడుస్తూ వెనక్కి రండి. అలా ఆరుసార్లయితే ఒక సెట్. మూడు నిమిషాల విరామంతో మూడు సెట్లు చాలు. మరో రోజు 30×20 మీటర్ల చోటులో నలుగురికి నలుగురు, నాలుగేసి నిమిషాల ఆట నాలుగుసార్లు. మ్యాచ్ ముందు రోజు ఇవేవీ వద్దు.

మన ఎండల్లో నీళ్ల లెక్క తప్పితే పిక్కలు పట్టేస్తాయి, ఆలోచనా మందగిస్తుంది. ఆటకు రెండు గంటల ముందు అర లీటరు తాగండి. హాఫ్ టైమ్‌లో మరో గ్లాసు, వీలైతే లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్ చొప్పున కలిపిన ఓఆర్‌ఎస్. మ్యాచ్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. 60 కిలోలవాడు 1.2 కిలోలకు మించి తగ్గితే నీళ్లు చాలలేదనే.

నోట్‌బుక్‌లో కార్నర్ గోల్స్ ఎక్కువుంటే మనుషుల్ని ఇలా నిలబెట్టండి: దగ్గరి పోల్ దగ్గర ఒకరు, గోల్ ముందుండే చిన్న బాక్స్ గీత మీద ముగ్గురు, ఎదుటి పొడగరులను అంటుకుని నలుగురు, పెద్ద బాక్స్ అంచున ఒకరు, సెంటర్ లైన్ దగ్గర ఒకరు.

ప్రశ్న: మా గ్రౌండ్ అంతా మొరం. అడుగున మొనలుండే స్టడ్స్ బూట్లతో అరికాళ్లు మండుతున్నాయి, బంతి చేతికందనంత ఎత్తు లేస్తోంది.
– గోల్ కీపర్, మహబూబ్‌నగర్

జవాబు: పొడుగు స్టడ్స్ గడ్డి నేలకు. గట్టి నేలలో అవి దిగవు, బరువంతా ఆ కొద్ది మొనల మీదే పడుతుంది. అడుగంతా చిన్న రబ్బరు బుడిపెలుండే టర్ఫ్ బూట్లు కొనండి. బంతి గాలికి నియమం 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). మొరం మీద 9 దగ్గర ఉంచితే ఎగురుడు తగ్గుతుంది. పంపు సూదిని తడిపి గుచ్చండి, పొడిగా గుచ్చితే వాల్వ్ చిరగొచ్చు. అయితే మ్యాచ్ బంతి గాలి మీ చేతిలో ఉండదు, అందుకే వారానికొక రోజు 12 పీఎస్ఐ బంతితోనూ పట్టడం ప్రాక్టీస్ చేయండి.