తప్పు ఒకటి కాదు, మందు కూడా ఒకటి కాదు

ప్రశ్న: చర్లపల్లిలోని ఒక చిన్న సంస్థలో పని చేస్తున్నాను. జీనోమ్ వ్యాలీ నుంచి టీకాలు తీసుకెళ్లే వాహనాల కోసం మేము ఉష్ణోగ్రత రికార్డర్లు తయారు చేస్తాం. రీడింగులన్నీ ఎస్‌డీ కార్డులోకి వెళ్తాయి. కార్డుతో మాట్లాడే కంట్రోలర్ ఎస్‌డీ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం చేసినదే, దానిని నడిపే లైనక్స్ డ్రైవర్ మాత్రం మా సొంతం. ఏ తప్పు వచ్చినా డ్రైవర్ ఈఐఓ (చదవడం, రాయడంలో ఏదో తప్పు) అనే ఒకే కోడ్ ఇచ్చి, అదే కమాండ్‌ను 3 సార్లు మళ్లీ పంపుతుంది. బల్ల మీద ఏ ఇబ్బందీ లేదు. వాహనం కదిలాక ఒక్కోసారి రికార్డర్ బిగుసుకుపోతోంది. ఒకసారి ఫైల్ మధ్యలో పాత రీడింగులు కనిపించాయి. ప్రయత్నాలను 10కి పెంచమని పైవారు అంటున్నారు. పెంచవచ్చా?
– ఒక పాఠకుడు, కుషాయిగూడ, హైదరాబాద్

జవాబు: పెంచవద్దు. ఏం జరిగిందో హార్డ్‌వేర్ స్పష్టంగా చెబుతుంటే మీ డ్రైవర్ వినకుండా పారేస్తోంది. ముందు దానిని సరిచేయండి. కంట్రోలర్‌లో తప్పుల స్థితిని తెలిపే రిజిస్టర్‌లో (చిన్న నిల్వ గడిలో) మొదటి 4 బిట్లు కమాండ్‌కు సంబంధించినవి: జవాబు రాలేదు, సీఆర్‌సీ (దారిలో చెడిందో లేదో తెలిపే తనిఖీ సంఖ్య) కుదరలేదు, చివరి బిట్ తప్పు, కమాండ్ సంఖ్య సరిపోలేదు. ఆ తరువాతి 3 బిట్లు డేటాకు చెందిన టైమవుట్ (గడువు దాటడం), సీఆర్‌సీ, చివరి బిట్. ఈ ఏడింటినీ కలిపి ఈఐఓగా మార్చేస్తే, లైనక్స్ కెర్నల్‌లో కార్డుల వ్యవహారం చూసే ఎంఎంసీ విభాగానికి నిర్ణయించుకోవడానికి ఏమీ మిగలదు. టైమవుట్‌కు ఈటైమ్‌డవుట్, సీఆర్‌సీ తప్పుకు ఈఐఎల్‌ఎస్‌ఈక్యూ, కార్డు లేకపోతే ఈనోమీడియం అని వేర్వేరుగా చెప్పాలి. మొదట కార్డును గుర్తించేటప్పుడు పంపే కమాండ్ 8నే చూడండి. 2.00 ప్రమాణానికి ముందు కార్డులు దానికి బదులివ్వవు, అక్కడ ఆ మౌనమే జవాబు, దానిని బట్టే ఇది పాత కార్డు అని ఎంఎంసీ విభాగం గ్రహిస్తుంది. ఇంకో విశేషం, కమాండ్ టైమవుట్, కమాండ్ సీఆర్‌సీ బిట్లు రెండూ ఒకేసారి వెలిగితే అవి రెండు తప్పులు కావు, కమాండ్ లైన్ మీద ఘర్షణ జరిగిందని ప్రమాణంలో దానికి అర్థం.

సీఆర్‌సీ తప్పు వచ్చిందంటే కార్డు మాట్లాడింది, ఆ మాట దారిలో చెడింది. టైమవుట్ అంటే కార్డు మాట్లాడనే లేదు. వీటి మూలాలు వేరు. ఎస్‌డీఆర్104 అనే అధిక వేగపు పద్ధతిలో గడియారం (క్లాక్ సంకేతం) 208 మెగాహెర్ట్‌జ్ దాకా వెళ్తుంది. మే నెల ఎండలో నిలబెట్టిన వాహనం తలుపు మూసి చల్లబరిచినప్పుడు బోర్డు ఉష్ణోగ్రత మారి, బిట్‌ను చదవవలసిన సరైన క్షణం పక్కకు జరుగుతుంది. అప్పుడు కమాండ్ 19తో మళ్లీ ట్యూనింగ్ చేయకుండా (ఆ క్షణాన్ని సరిదిద్దకుండా) అదే కమాండ్‌ను 10 సార్లు పంపినా 10 సార్లూ చెడే అవకాశమే ఎక్కువ. టైమవుట్‌కు మాత్రం సాకెట్‌లో క్షణకాలం పట్టు తప్పడం, విద్యుత్తు తగ్గడం, లేదా మీరు పెట్టిన గడువే చాలకపోవడం కారణం కావచ్చు. రాసేటప్పుడు ఎస్‌డీహెచ్‌సీ కార్డు 250 మిల్లీసెకన్లు, ఎస్‌డీఎక్స్‌సీ కార్డు 500 మిల్లీసెకన్ల దాకా బిజీగా ఉండవచ్చునని ప్రమాణమే అనుమతిస్తుంది. బల్ల మీద బాగుండి రోడ్డు మీద చెడుతోంది కాబట్టి నేనైతే ముందు సాకెట్‌ను అనుమానిస్తాను. ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరికే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి, కార్డును గట్టిగా పట్టుకునే సాకెట్ ఒకటి తెచ్చి మార్చి చూడండి.

పాత రీడింగులు కనిపించడం నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది, ఎందుకంటే టీకా చల్లగా ఉందా లేదా అన్నదానికి ఆ ఫైలే సాక్ష్యం. డేటా తప్పు వచ్చిన అభ్యర్థనకు మీ డ్రైవర్ బదిలీ అయిన బైట్ల సంఖ్యను పూర్తిగా చూపి ఉంటుంది, లేదా బదిలీ ముగిసిందనే బిట్ కనబడగానే తప్పుల రిజిస్టర్ వైపు చూడకుండా విజయం ప్రకటించి ఉంటుంది. కార్డులో ఆ బ్లాకు మాత్రం రాయబడక పాతదే మిగిలిపోతుంది. తప్పు ఉంటే బదిలీ అయిన బైట్ల సంఖ్యను 0 చేయండి. పలు బ్లాకులు రాస్తూ మధ్యలో ఆగితే, నిజంగా ఎన్ని చేరాయో అప్లికేషన్ కమాండ్ 22 ద్వారా కార్డునే అడగవచ్చు. చదివేటప్పుడు దీనికంటే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. డీఎంఏ (కంట్రోలర్ తానే నేరుగా మెమరీలోకి రాసే పద్ధతి) ఆగకముందే బఫర్‌ను, అంటే డేటా కోసం కేటాయించిన మెమరీని, తిరిగి ఇచ్చేస్తే, అప్పటికి వేరొకరి సొంతమైన మెమరీలోకి కంట్రోలర్ రాస్తూనే ఉంటుంది.

కాబట్టి వరుస ముఖ్యం. హెక్స్ 2ఎఫ్ చిరునామా దగ్గరున్న రీసెట్ రిజిస్టర్‌లో బిట్ 1 కమాండ్ భాగానికి, బిట్ 2 డేటా భాగానికి. తప్పు ఏ వైపుదో ఆ భాగాన్ని రీసెట్ చేసి, ఆ బిట్ తనంతట తాను 0 అయ్యేదాకా, ఒక హద్దు పెట్టుకుని వేచి చూడండి. బిట్ 0తో మొత్తం రీసెట్ చేస్తే గడియారం, విద్యుత్తు అమరికలు కూడా పోయి కార్డును మొదటి నుంచి సిద్ధం చేసుకోవలసి వస్తుంది, అది ఆఖరి మార్గం. రీసెట్ అయ్యాక బహుళ బ్లాకుల బదిలీని కమాండ్ 12తో ఆపి, కమాండ్ 13తో కార్డు స్థితిని అడిగి, డేటా లైన్లు నాలుగూ పై స్థాయికి వచ్చాయో లేదో చూసి, ఆ తరువాతే అభ్యర్థనను ముగించండి. లైన్లు కిందనే ఉండిపోతే కార్డుకు విద్యుత్తు ఆపి తిరిగి ఇవ్వాలి. కార్డు ఊడిపోయి ఉంటే మాత్రం ఒక్కసారి కూడా మళ్లీ ప్రయత్నించకండి.

రికార్డర్ బిగుసుకుపోవడానికి కారణం ఎన్నటికీ రాని ఇంటరప్ట్ (పని ముగిసిందని కంట్రోలర్ ఇచ్చే సంకేతం) కోసం డ్రైవర్ ఎదురుచూడటమేనని నా అంచనా. లైనక్స్‌లో ప్రామాణిక ఎస్‌డీ కంట్రోలర్ల కోసమున్న ఎస్‌డీహెచ్‌సీఐ డ్రైవర్ సాధారణంగా ఇందుకోసమే 10 సెకన్ల టైమర్ పెట్టుకుంటుంది. మీరూ పెట్టండి. అయితే టైమర్, ఇంటరప్ట్ ఒకే క్షణంలో వచ్చి ఒకే అభ్యర్థనను రెండుసార్లు ముగించకుండా లాక్ (ఒకసారికి ఒకరినే పని చేయనిచ్చే ఏర్పాటు) కింద చూసుకోవాలి. పరీక్షకు కావాలని తప్పులు కల్పించే, కెర్నల్‌లోని ఫెయిల్ ఎంఎంసీ రిక్వెస్ట్ సదుపాయం పనికొస్తుంది, కానీ అది ఎంఎంసీ విభాగంలో కల్పించే తప్పు, మీ రీసెట్ వరుసను తాకదు. ఆ వరుసను చూడాలంటే రాస్తుండగా కార్డును లాగి చూడవలసిందే.

ప్రశ్న: కార్డుకు బదులు బోర్డుకే అతికించే ఈఎంఎంసీ అనే నిల్వ చిప్ వాడితే ఈ తప్పులు తప్పుతాయా?
– మరొక పాఠకుడు, ఉప్పల్

జవాబు: సాకెట్ ఉండదు కనుక పట్టు తప్పే బాధ పోతుంది. దాని వేగవంతమైన హెచ్‌ఎస్200 పద్ధతిలో గడియారం 200 మెగాహెర్ట్‌జ్ దాకా వెళ్తుంది, ట్యూనింగ్‌కు అక్కడ కమాండ్ 21 వాడతారు, సీఆర్‌సీ తప్పులూ టైమవుట్‌లూ అక్కడా వస్తాయి. చెడిపోయినప్పుడు కార్డులాగా తీసి మార్చడం కుదరదు కాబట్టి, డ్రైవర్ రాసేవారు ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.