వారం దాటాక మొదలైన భయం

ప్రశ్న: నా వయసు 34. మూడు నెలల కిందట సూర్యాపేట దగ్గర హైవే మీద నా బైకును లారీ గుద్దింది. కాలు విరిగింది, ఇప్పుడు అతుక్కుంది. మొదటి వారం ధైర్యంగానే ఉన్నాను. ఆ తర్వాతే పీడకలలు మొదలయ్యాయి. ఎక్కడ లారీ హారన్ వినబడినా చెమటలు పడుతున్నాయి. బైకు ముట్టుకోవడం లేదు. ఇంట్లో 'మనసు గట్టి చేసుకో' అంటున్నారు. మందుల షాపులో అడిగి రోజూ నిద్రమాత్ర తెచ్చుకుంటున్నా. ఇది తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుంది. మీరు చెప్పినవి పీటీఎస్‌డీ, అంటే పెద్ద ప్రమాదం లాంటి షాక్ తర్వాత వచ్చే మానసిక సమస్య, లక్షణాల్లాగే ఉన్నాయి. నెల దాటినా తగ్గలేదు కాబట్టి సైకియాట్రిస్టుకు చూపించుకోండి. ఇది పిరికితనం కాదు. ఈ జవాబు ఇంట్లోవాళ్లకూ చదివి వినిపించండి.

వారం ఆగి భయం మొదలవడం మీ ఊహ కాదు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను ఒకే ఒక్కసారి, 2 గంటలు కదలనివ్వకుండా ఉంచింది. మర్నాడు చూస్తే, మెదడులో భయాన్ని గుర్తుపెట్టుకునే అమిగ్డలా అనే భాగంలో మార్పు లేదు. 10 రోజులకు మాత్రం అక్కడి నాడీకణాల మీద కొత్త మొలకలు (పక్క కణాల సంకేతాలు అందుకునే చోట్లు) వచ్చాయి. 2005లో ప్రచురించిన పరిశోధన ఇది. అదే బృందం వేరే ప్రయోగంలో రోజూ 2 గంటల చొప్పున 10 రోజులు అలా ఉంచినప్పుడు అమిగ్డలాలో కణాల కొమ్మలు పెరిగాయి, హిప్పోకాంపస్ అనే మరో మెదడు భాగంలో కుంచించుకుపోయాయి. 'అది ఆ రోజు, ఆ రోడ్డు మీద జరిగింది' అని జ్ఞాపకానికి చోటు చూపేది హిప్పోకాంపసే. అది బలహీనపడితే వీధిలో మోగిన హారన్ కూడా ఆ లారీదే అనిపించవచ్చు. ఆ ఎలుకల్లో 21 రోజుల విశ్రాంతితో హిప్పోకాంపస్ కోలుకుంది, అమిగ్డలా కోలుకోలేదు. మనిషి మెదడు ఎలుకది కాదు, నిజమే. అయినా 'నాలుగు రోజులు రెస్టు తీసుకుంటే అదే పోతుంది' అని నా పేషెంట్లకు నేనెప్పుడూ చెప్పను.

భయపు జ్ఞాపకాన్ని చికిత్స చెరిపేయదు. 'హారన్ మోగింది, నాకేమీ కాలేదు' అనే కొత్త జ్ఞాపకాన్ని దాని పక్కన పెంచుతుంది. బైకుకు దూరంగా ఉన్నంతకాలం మెదడుకు ఆ పాఠం అందదు. అలాగని రేపే హైవే ఎక్కకండి. సైకాలజిస్టు సాయంతో ముందు ఆగి ఉన్న బైకు మీద కూర్చోవడం, తర్వాత వీధి చివరిదాకా, అలా మెల్లగా. సాధారణంగా వారానికోసారి 8 నుంచి 12 సిట్టింగులు పడతాయి. అవసరమైతే ఆందోళన తగ్గించే సెర్ట్రాలిన్ లాంటి మందును డాక్టర్ రాస్తారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ నిద్రమాత్ర. చాలావాటికి అలవాటు పడతారు, పీటీఎస్‌డీ మాత్రం తగ్గదు. ఒక్కసారిగా మానేయకండి, అదీ ప్రమాదమే. ఆ మాత్రల స్ట్రిప్పు తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి, మెల్లగా తగ్గిస్తారు. ఈలోగా రాత్రి పీడకలతో మెలకువ వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.