చెయ్యి ముందు, చికెన్ తర్వాత

ప్రశ్న: మేడం గారూ, మాది తిరుపతి, కొర్లగుంట. మా ఇంట్లో మూడేళ్ల పామ్ (పొమెరేనియన్) కుక్క ఉంది, పేరు బుజ్జి. పోయిన కార్తీకం వానల్లో చెవుల వెనక, తొడల దగ్గర బొచ్చు ఉండలు కట్టేస్తే మా ఆయన, మా మరిది గట్టిగా పట్టుకున్నారు, నేను కత్తెరతో తీశాను. ఒకచోట చర్మం తెగి రక్తం వచ్చింది. అప్పట్నుంచి దువ్వెన కనబడితే చాలు మంచం కిందికి దూరుతుంది. మళ్లీ ఉండలు కట్టాయి. మొన్న బయటికి లాగబోతే నా వేలు కరిచింది. నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుందని మా అత్తగారు అంటున్నారు. మే నెలలో గంగమ్మ జాతరకి చుట్టాలు పిల్లల్ని తీసుకుని వస్తారు. భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ వేలు. పన్ను దిగితే సబ్బు రాసి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి. మన ఇంటి కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఆగకూడదు. ఇంకా వెళ్లకపోతే ఈ పేజీ పక్కన పెట్టి వెళ్లి రండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

కొట్టొద్దు. అత్తగారికి నా మాటగా చెప్పండి, బుజ్జికి పొగరు లేదు, జ్ఞాపకం ఉంది. ఇద్దరు మనుషులు కదలనీయకుండా పట్టుకున్నప్పుడు ఒళ్లు తెగింది, దువ్వెన అంటే దానికి అదే. కరిచే ముందు అది మీకు చాలాసార్లు చెప్పి ఉంటుంది కూడా. మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా చూడటం, ఒళ్లు బిగబట్టడం, ఆ తర్వాతే గుర్రుమనడం. గుర్రుమన్నందుకు కొడితే భయం పోదు, గుర్రుమనడం ఒక్కటే పోతుంది. అలాంటి కుక్క చెప్పకుండా కరుస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలు తిరిగేటప్పుడు మీకు కావాల్సింది అది కాదు కదా.

ఇప్పుడున్న ఉండల్ని మీరు ముట్టుకోకండి. ఉండ బిగుసుకునే కొద్దీ చర్మాన్ని కూడా పైకి లాక్కుంటుంది, ఎక్కడ బొచ్చు అయిపోయి ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలియదు, అందుకే కత్తెర పెడితే తెగుతుంది. పశువుల డాక్టరు దగ్గర మిషన్‌తో తీయించండి, అవసరమైతే మత్తు ఇచ్చి తీస్తారు. మీ ఊళ్లోనే 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, దాని ఆసుపత్రిలో అడగండి. మనుషుల నిద్రమాత్ర మాత్రం ఇంట్లో వేసేయకండి. ఎండాకాలం కదా అని ఒళ్లంతా గుండు కొట్టించమని కూడా అడగొద్దు. పామ్‌కి ఉండే రెండు వరసల బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది, పైగా కొన్నిటికి మళ్లీ సరిగ్గా పెరగదు.

ఆ పని అయ్యాక నేర్పించడం. ఇందులో ఒక్క విషయం పట్టుకుంటే చాలు. ముందు చెయ్యి తగలాలి, తర్వాత తిండి రావాలి. మనం చేసేది దీనికి తిరగేసి ఉంటుంది. చికెన్ చూపించి బుజ్జగించి దగ్గరికి పిలిచి, అది తింటుంటే వెనక నుంచి దువ్వెన దించుతాం. నేనూ నా మొదటి కుక్కతో అదే చేశాను, వారం తిరిగేసరికి ఫ్రిజ్‌లోంచి చికెన్ డబ్బా తీసిన చప్పుడుకే అది డాబా మీదికి పారిపోయేది. నేను చికెన్‌నే ప్రమాదం గుర్తుగా మార్చేశాను. ఆ నమ్మకం తిరిగి రావడానికి నెలలు పట్టింది, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

మొదటి వారం అసలు దువ్వెన వద్దు. చర్మం తెగిన చోటు ఉంది చూశారా, ఆ గదిలో కూడా వద్దు, వేరే చోట కూర్చోండి. భుజం మీద చెయ్యి ఒక్క క్షణం పెట్టి తీసేయండి, తీశాక ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించిన చికెన్ శనగగింజంత ముక్క పెట్టండి. పదిసార్లు, అంతే, లేచి వెళ్లిపోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కొన్నాళ్లకి చెయ్యి తగలగానే అది గబుక్కున మీ రెండో చేతి వైపు చూస్తుంది, 'ఏదీ నా ముక్క' అన్నట్టు. ఆ చూపు వచ్చేదాకా తర్వాతి మెట్టు ఎక్కొద్దు. అది వచ్చాక కొత్త దువ్వెన కొనండి, పాతదాని రంగు, ఆకారం ఏదీ కలవకూడదు. గదికి ఆ చివర నేల మీద పెట్టండి, అది చూడగానే ముక్క, దువ్వెన దాచేస్తే ముక్కలు బంద్. తర్వాత దువ్వెనని పళ్లు లేని వైపు నుంచి భుజానికి తగిలించడం, తర్వాత ఒక్క దువ్వు. చెవుల వెనక, తొడలు అన్నిటికన్నా చివర.

చిరాగ్ పటేల్ అనే ట్రైనర్ చెప్పిన బకెట్ గేమ్ ఒకటుంది, ఇలాంటి కుక్కలకి నాకు తెలిసి దానికి మించింది లేదు. చిన్న స్టీలు గిన్నెలో ముక్కలు వేసి దాని ఎదురుగా కాస్త దూరంలో పెడతారు. ముందు గిన్నె వంకే చూస్తూ ఉంటే ముక్క వస్తుందని నేర్పుతారు. తర్వాత అది గిన్నెని చూస్తున్నంతసేపు మీ చెయ్యి పని చేస్తుంది, తల తిప్పిందా, చెయ్యి ఆగిపోతుంది. బలవంతం లేదు, పట్టుకోవడం లేదు. అలా అయితే ఎప్పుడూ తల తిప్పేస్తుంది కదా అని అందరూ అడుగుతారు. తిప్పదమ్మా. ఆపమంటే ఆగుతారని తెలిసిన కుక్క నిలబడుతుంది, పారిపోవాల్సిన అవసరం దానికి ఉండదు.

మాంసం వండని ఇల్లయితే పనీర్, గట్టి పెరుగు చాలు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలు పాడుచేస్తాయి. శ్రీవారి లడ్డూలో కిస్‌మిస్ ఉంటుంది, ప్రసాదమే కదా అని చిన్న ముక్క కూడా పెట్టొద్దు. చాక్లెట్ కూడా వద్దు.

జాతర నాటికి ఇదంతా అయిపోతుందని మీకు మాట ఇవ్వలేను. ఆ రోజుల్లో బుజ్జిని వెనక గదిలో నీళ్లతో, ఫ్యానుతో ఉంచి తలుపు గొళ్లెం పెట్టండి. పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, దువ్వడం మీరు తప్ప ఇంకెవరూ వద్దు.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నాను. రోడ్డు మీద దొరికిన నాటు కుక్కని పెంచుతున్నాను. చెవిలో గోమార్లు పట్టి చీము వచ్చింది. డాక్టరు శుభ్రం చేసి రోజుకి రెండుసార్లు చుక్కలు వెయ్యమన్నారు. చెవి దగ్గరికి చెయ్యి పోనివ్వడం లేదు. మూతికి తువ్వాలు కట్టి వెయ్యొచ్చా?

జవాబు: తువ్వాలు వద్దయ్యా. కుక్క ఒళ్లు చల్లబడేది నోరు తెరిచి వగర్చడం వల్లే, మీ ఎండల్లో మూతి బిగించి కట్టి పెనుగులాడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. కావాలంటే బుట్ట లాంటి మూతిజాలీ వాడండి, అందులో నోరు తెరుచుకుంటుంది, నీళ్లు తాగుతుంది. అయినా ముందు దాంట్లో తిండి పెట్టి, తనంతట తాను మూతి దూర్చేలా రెండు మూడు రోజులు అలవాటు చెయ్యాలి.

మీ సంగతి కొర్లగుంట అమ్మగారి సంగతి లాంటిది కాదు, మీకు ఆగే టైము లేదు. చెవి నిజంగా నొప్పిగా ఉంది, నొప్పి ఉన్నంతకాలం ఎంత చికెన్ పెట్టినా పాఠం ఎక్కదు. అందుకని రేపే డాక్టరు దగ్గరికి వెళ్లి 'నేను చుక్కలు వెయ్యలేకపోతున్నాను' అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నొప్పి తగ్గే మందు, ఆసుపత్రిలోనే వేసే మందు ఏమైనా ఉందేమో అడగండి. ఇంట్లో ఉన్న బ్రూఫెన్ లాంటివి వెయ్యకండి, కుక్కకి విషం.

వేసేటప్పుడు సీసాని కాసేపు గుప్పిట్లో పట్టుకోండి, చల్లటి చుక్క నొప్పి చెవిలో పడితే ఎవరైనా ఎగిరిపడతారు. ఎదురుగా నిలబడి మీదికి వంగొద్దు, పక్కన కూర్చోండి. ఈలోపు బాగున్న చెవి దగ్గర ఖాళీ సీసాతో అలవాటు చెయ్యండి, సీసా తగలగానే ముక్క.

ప్రశ్న: తిరుచానూరు. మా లాబ్రడార్ కుక్క గోళ్లు నల్లవి, ఒకసారి కట్ చేస్తే రక్తం వచ్చింది. ఇప్పుడు పాదం ముట్టుకోనివ్వదు.

జవాబు: గోరు లోపల రక్తనాళం ఉంటుంది, తెల్లగోరులో గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్లదాంట్లో కనిపించదు. రక్తం వస్తే కాన్‌ఫ్లోర్ అద్ది నొక్కిపెడితే ఆగుతుంది. ప్రస్తుతానికి కట్టర్ పక్కన పెట్టండి. ఒక చెక్కపలక మీద ఉప్పుకాగితం అతికించి ఏటవాలుగా పట్టుకోండి, దాని మీద కాలు వేస్తే ముక్క, గీరితే రెండు ముక్కలు. తన గోళ్లు తనే అరగదీసుకుంటుంది, మీరు పాదం పట్టుకునే పనే లేదు. ముందుకాళ్లకి లోపలి వైపు కొంచెం పైన ఉండే గోరు మాత్రం నేలకీ పలకకీ తగలదు, వదిలేస్తే వంకర తిరిగి చర్మంలోకి దిగుతుంది. ఆ రెండింటినీ నెలకోసారి డాక్టరు దగ్గర తీయించండి.