ఎయిడ్స్ వైరస్ మీద పరిశోధనంటే సంబంధాలు రావా?

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. నేను ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది. హెచ్‌ఐవీ కణంలోకి ఎలా దూరుతుందో పరిశోధిస్తానంటోంది. ఆ రోగంతో పనంటే రేపు సంబంధాలు వస్తాయా? దానికి బదులు ఆరు నెలల జీన్ ఎడిటింగ్ (జన్యువులను కత్తిరించి మార్చడం) కోర్సులో చేర్చమంటారా? ఏది మేలు?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. చదువు పేరు మారుతుంది, ‘సంబంధాలు’ అన్న మాట మారదు. వైరస్ మీద పనిచేసే వారికి ఆ రోగం ఉన్నట్టు కాదు. ఈ రంగంలో చాలా ప్రయోగాలు తమ సంతతిని పెంచుకోలేని నకలు వైరస్‌లతోనే జరుగుతాయి. బడిలో పాఠాలు చెప్పే మీకు ఇది అర్థం కాక కాదు, బంధువులకు చెప్పే ధైర్యం చాలక. ఆ లోటు మీది, అమ్మాయిది కాదు.

ఆమె పట్టుకున్న ప్రశ్న చిన్నదేమీ కాదు. హెచ్‌ఐవీ మన కణం మీది సీడీ4 అనే గ్రాహకాన్ని, అంటే కణం పైన సంకేతాలు అందుకునే ప్రోటీన్‌ను, పట్టుకుంటుందని 1984లోనే తెలిసింది. కానీ మనిషి సీడీ4ను ఎలుక కణాల మీద పెట్టి చూస్తే వైరస్ లోపలికి పోలేదు. గడియ తీసినా తలుపు తెరుచుకోలేదంటే లోపల గొళ్లెం ఉన్నట్టే కదా! ఆ గొళ్లెం కీమోకైన్ గ్రాహకమని 1996లో బయటపడింది. ముందు సీఎక్స్‌సీఆర్4, వెంటనే సీసీఆర్5. వాపు వచ్చిన చోటికి తెల్ల రక్తకణాలను పిలిచే సంకేతాలు అందుకోవడం వాటి అసలు పని, వైరస్ వాటిని దొంగదారిగా వాడుకుంటోంది. సీసీఆర్5ను అడ్డుకునే మారావిరోక్ మందుకు 2007లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇక మీ కోర్సు సంగతి. ఇదే సీసీఆర్5 జన్యువును హె జియాన్‌కుయ్ అనే చైనా శాస్త్రవేత్త మనిషి పిండాల్లో జీన్ ఎడిటింగ్‌తో మార్చాడు. 2018లో కవల ఆడపిల్లలు పుట్టారు. మరుసటి ఏడాది అతనికి మూడేళ్ల జైలుశిక్ష పడింది. కత్తిరించడం వచ్చింది, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియలేదు. ఆరు నెలల్లో నేర్పేది ఆ మొదటిదే, అదీ అరకొరగా. ఇలాంటి సర్టిఫికెట్లతో నా దగ్గరికి వచ్చిన పిల్లలు చాలామంది చివరికి ఎమ్మెస్సీ దారే పట్టారు. అప్పు చేసి మాత్రం ఆ ఫీజు కట్టకండి.

ఎమ్మెస్సీకి కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. ప్రవేశ పరీక్షల సంగతి అమ్మాయికి మీకంటే బాగా తెలుసు. పీహెచ్‌డీ ముగిసేసరికి ముప్పై ఏళ్లు దగ్గరపడతాయి, దాచను. అయితే పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే నెలకు 37 వేల రూపాయలతో మొదలవుతుంది, మీ మీద భారం పడదు. మధ్యలో మనసు మారినా టీకాల కంపెనీలు, రోగనిర్ధారణ ల్యాబులు ఉన్నాయి.

ఈ ఆదివారం ఆమెను కూర్చోబెట్టి ఆ గొళ్లెం బొమ్మ గీసి చూపించమనండి. పెళ్లి మాట ఆ రోజుకు ఎత్తకండి.