పాఠకుల ప్రశ్నలు: ప్లాట్లు అమ్మి కట్టిన పార్కు

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో, లివర్‌పూల్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. మొన్నటి వేసవిలో మేమిద్దరం వెళ్లినప్పుడు నదికి అవతలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్ పార్కుకు తీసుకుపోయి, ప్రపంచంలో ప్రజల సొమ్ముతో కట్టిన మొదటి పార్కు ఇదేనని, న్యూయార్కులోని సెంట్రల్ పార్కుకు కూడా ఇదే మూలమని చెప్పాడు. నిజమేనా? అంత పాత పార్కు ఇంకా అంత శుభ్రంగా ఎలా ఉంది? రోజూ పొద్దున మన పబ్లిక్ గార్డెన్‌లో నడిచే మాకు ఆ తేడా చూసి మనసు చివుక్కుమంది.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి చెప్పిన రెండు మాటలూ నిజమే. అయితే మొదటి మాటను కొంచెం సరిచూసుకోవాలి. అంతకుముందు జనం తిరగడానికి తోటలు లేకపోలేదు. రాజుల వేటవనాలు కొన్ని జనానికి తెరిచారు, దాతలు కొన్ని తోటలు ఇచ్చారు. పట్టణ పాలకమండలి చట్టం ద్వారా అధికారం తెచ్చుకుని, ప్రజాధనంతో భూమి కొని, ఎవరైనా ఉచితంగా వచ్చిపోయేలా పార్కు కట్టడం మాత్రం బర్కెన్‌హెడ్‌తోనే మొదలైంది. ఆ చట్టం 1843లో వచ్చింది. పార్కు 1847 ఏప్రిల్ 5న, ఊరి కొత్త రేవులతో పాటు అదే రోజున ప్రారంభమైంది.

ఆ అవసరం ఎందుకు వచ్చిందో తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. విక్టోరియా రాణి 1837 నుంచి 1901 వరకు ఏలిన కాలంలో ఇంగ్లండు పట్టణాలు మిల్లుల చుట్టూ, రేవుల చుట్టూ విపరీతంగా పెరిగాయి. కూలి జనం ఇరుకు గల్లీలలో, మోరీల పక్కన బతుకుతుంటే, వాళ్లు నాలుగడుగులు నడిచి గాలి పీల్చుకునే చోటు లేదని 1833లోనే పార్లమెంటు నియమించిన సంఘం ఒకటి గుర్తించింది. బర్కెన్‌హెడ్ కూడా ఆ శతాబ్దం మొదట్లో చిన్న పల్లె. 1824లో విలియం లెయిర్డ్ పెట్టిన ఇనుప కార్ఖానా, దాని వెంట వచ్చిన ఓడల తయారీ ఆ పల్లెను పట్టణం చేశాయి.

డబ్బు సమకూర్చిన తీరు మన వాళ్లకు బాగా అర్థమయ్యేదే, ఎందుకంటే అందులో రియల్ ఎస్టేట్ ఉంది. పాలకమండలి మొత్తం 226 ఎకరాలు తీసుకుని, అందులో 125 ఎకరాలు పార్కుకు కేటాయించి, మిగిలిన అంచు భూమిని పెద్ద ఇళ్లకు ప్లాట్లుగా విడగొట్టింది. ఎదురుగా పార్కు ఉంటే ప్లాటు ధర పెరుగుతుంది, ఆ ధరతో పార్కు ఖర్చు తీరుతుంది అన్నది లెక్క. మన దగ్గర వెంచర్ వేసేటప్పుడు ముందు ప్లాట్లు గీస్తారు, పార్కు స్థలం ఏ మూలకో పోతుంది, ఒక్కోసారి కాగితం మీదనే మిగులుతుంది; ఆ తరువాత ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) కింద, వదలవలసిన ఖాళీ స్థలానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టి క్రమబద్ధం చేయించుకుంటారు. కట్టిన డబ్బు ఖజానాకు చేరుతుంది గాని ఆ కాలనీ పిల్లలు ఆడుకునే నేలగా మారదు. బర్కెన్‌హెడ్ వాళ్లు దాతృత్వంతోనే ఆ పని చేశారని నేను అనడం లేదు, వాళ్లదీ వ్యాపారమే. కాని సగానికి పైగా నేలను ముందే పక్కన పెట్టి, ఆ తరువాతే ప్లాట్లు అమ్మకానికి పెట్టారు.

తోటను రూపొందించినవాడు జోసెఫ్ ప్యాక్స్‌టన్. ఒక డ్యూక్ గారి చాట్స్‌వర్త్ ఎస్టేటులో తోటల పెద్దగా పనిచేసిన ఈయనే 1851లో లండన్ ప్రదర్శన కోసం గాజు భవనం క్రిస్టల్ ప్యాలెస్ కట్టాడు. బర్కెన్‌హెడ్‌లో ఆయనకు దొరికింది నీళ్లు నిలిచే చిత్తడి నేల. రెండు చెరువులు తవ్వించి, నీళ్లను వాటిలోకి మళ్లించాడు. మన దగ్గర చెరువు తవ్విన మట్టి కట్టకు పోతుంది; ఆయన దాన్ని ఎగుడుదిగుడు గుట్టలుగా పోయించి, వాటి మీద చెట్లు నాటించాడు. ఒడ్డు వంకరలు తిరుగుతుంది, మధ్యలో దిబ్బలున్నాయి, కాబట్టి ఎక్కడ నిలబడ్డా చెరువు మొత్తం ఒకేసారి కనబడదు, ఉన్నదానికంటే పెద్దదనిపిస్తుంది. మీరు చూసిన కప్పు ఉన్న చెక్క వంతెన, రోమన్ పడవల ఇల్లు, ముఖద్వారం దగ్గరి గ్రీకు తరహా అయోనిక్ స్తంభాలు అన్నీ ఆ కాలానివే. పని దగ్గరుండి చేయించిన ఎడ్వర్డ్ కెంప్ అనే యువకుడు ఆ తరువాత దశాబ్దాల పాటు ఆ పార్కునే కనిపెట్టుకుని ఉన్నాడు. ప్యాక్స్‌టన్ పేరు అందరూ చెబుతారు, కెంప్ పేరు చెప్పేవాళ్లు తక్కువ. నా లెక్కలో ఆ పార్కు నిలబడడానికి రెండోవాడే ఎక్కువ కారణం.

ఇక న్యూయార్కు సంగతి. 1850లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ అనే అమెరికన్ లివర్‌పూల్ రేవులో దిగి బర్కెన్‌హెడ్ వస్తే, అక్కడి రొట్టెల దుకాణదారు కొత్త పార్కు చూడకుండా ఊరు దాటవద్దని బతిమాలాడట. వెళ్లి చూసిన ఓమ్‌స్టెడ్, ప్రజాస్వామ్యమని చెప్పుకునే తమ దేశంలో ప్రజల తోట ఇలాంటిది ఒక్కటీ లేదని తరువాత రాసుకున్నాడు. 1858లో కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి ఆయన గీసిన నమూనాయే సెంట్రల్ పార్కు అయింది.

మీ ప్రశ్నలో నేను కాదనవలసినది ఒక్కటే: ఆ శుభ్రత 1847 నుంచి అలాగే నిలిచి వచ్చినది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు పార్కుల ఇనుప కంచెలు ఆయుధాల కోసమని పీకేశారు. యుద్ధం తరువాత మునిసిపాలిటీలు చేయి బిగించాయి. 1980లలో తోట పనులను టెండర్లకు ఇవ్వడం తప్పనిసరి అయ్యాక, పార్కులోనే ఉండి పిల్లలను అదిలిస్తూ, మొక్కలకు కాపుగా ఉండే మనిషి చాలా చోట్ల మాయమయ్యాడు. బర్కెన్‌హెడ్ చెరువులు పూడుకుపోయాయి, కట్టడాలు శిథిలమయ్యాయి. 1995లో దానికి అత్యున్నత శ్రేణి వారసత్వ రక్షణ దొరికింది. ఆ తరువాత లాటరీ టికెట్ల ఆదాయం నుంచి వచ్చిన నిధి ప్రధాన ఆసరాగా, కోటి పౌండ్లకు పైగా ఖర్చు పెట్టి పూడిక తీసి, వంతెనలు బాగుచేసి, 2000ల దశకం చివరికి పని ముగించారు. మీరు చూసినది ఆ రెండో పుట్టుక. 2023లో బ్రిటన్ ఈ పార్కును ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చింది. అయినా అక్కడి చట్టం ప్రకారం పార్కుల పోషణ స్థానిక మండళ్లకు విధి కాదు, ఇష్టం ఉంటే చేసే పని. బడ్జెట్ తగ్గితే మొదట కోత పడేది అక్కడే. మన తెలంగాణ 2019 మునిసిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని చెబుతోంది. కాగితం మీద చూస్తే ఈ విషయంలో మనమే మెరుగు. ఆ డబ్బులో ఎంత కొత్త మొక్కలకు పోతున్నదో, ఎంత మాలి జీతానికి పోతున్నదో మీ వార్డు సభలో అడిగి చూడండి.

ప్రశ్న: హైదరాబాదు నాంపల్లిలోని బాగే ఆమ్ (పబ్లిక్ గార్డెన్స్) బర్కెన్‌హెడ్ కంటే పాతదంటారు కదా? అప్పుడు మొదటి పార్కు మనదే అవుతుంది.
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తేదీ వరకు మీరన్నది సరే. నాంపల్లి తోట మొదలు 1846 అని చెబుతారు, అంటే ఒక ఏడాది ముందే. అయితే అది నిజాం వేయించిన తోట; ‘ఆమ్’ (జనసామాన్యం) అన్న మాటతో జనానికి దక్కింది. బర్కెన్‌హెడ్ ఊరివాళ్లు తమ పాలకమండలి ద్వారా తామే కొనుక్కున్నది. తేడా వంశావళిలో ఉంది, వయసులో కాదు.

మన తోటలది ఇంకో కథ కూడా. బాగే ఆమ్‌లో ఖాళీ కనబడితే భవనం లేచింది: 1913 నాటికి టౌన్ హాలు (ఆ తరువాత శాసనసభ భవనం అయింది), ఇంకా జూబిలీ హాలు, పురావస్తు ప్రదర్శనశాల, బాలభవన్. హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లోనూ నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. ఆ మహా ధ్వన్యనుకరణ కళాకారుడి పేరు మన ఊరి తోటలో ఉండడం నాకు ఎంతో ఇష్టమే. అయినా సభ ఉన్న రోజున తోట కాస్తా బండ్లు నిలిపే స్థలంగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. విక్టోరియా కాలపు పార్కులలోనూ కచేరీలు జరిగేవి. వాటికి నాలుగు వైపులా తెరిచిన చిన్న మండపం కట్టేవారు, విన్నవాళ్లు గడ్డి మీద కూర్చునేవారు.

ప్రశ్న: పార్కుకు టికెట్ పెట్టడం తప్పా? టికెట్ ఉన్నచోటే శుభ్రంగా ఉంటున్నది కదా.
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఇది కూడా ఇంగ్లండులో ఒకసారి జరిగిన వాదమే. డెర్బీ పట్టణంలో మిల్లు యజమాని జోసెఫ్ స్ట్రట్ 1840లో 11 ఎకరాల వృక్షవనం జనానికి ఇచ్చాడు. జాన్ క్లాడియస్ లౌడన్ దాన్ని రూపొందించి, చెట్టు చెట్టుకూ పేరుపలక పెట్టించాడు. తోట ఇచ్చిన దాత దాని పోషణకు మూలధనం ఇవ్వలేదు. అందుకని వారంలో ఐదు రోజులు టికెట్, ఆదివారం, బుధవారం ఉచితం అన్నారు. కూలి మనిషికి ఖాళీ దొరికేది ఆదివారమే కనుక అతడు ఉచితంగానే వచ్చాడు, కలిగినవాళ్లు మిగతా రోజుల్లో డబ్బు పెట్టి వచ్చారు. వారానికి రెండు రోజులైనా గేటు బార్లా తెరిచే షరతు ఉంటే టికెట్‌ను నేను పూర్తిగా తప్పుపట్టను. డెర్బీ వాళ్లు దాన్ని 1882లో ఎత్తివేశారు.