పాంక్రియాటిన్ క్యాప్సూల్స్‌లోని ట్రిప్సిన్ రక్తనాళాల్లో కణాల్ని పెంచేస్తుందా?

మీ నాన్నగారికి క్రానిక్ పాంక్రియాటైటిస్ (క్లోమానికి దీర్ఘకాలంగా ఉండే వాపు), గుండెలో స్టెంట్ కూడా ఉందన్నారు. డాక్టరుగారు రాసిన పాంక్రియాటిన్ క్యాప్సూల్స్‌లో ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ఉంటుందని, అది రక్తనాళాల కణాల్ని పెంచుతుందని చదివి మానిపించాలా అని అడుగుతున్నారు. దీనికోసం మాత్రం మానిపించకండి. నేను డాక్టర్ని కాదండీ. గుంటూరులో ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు రక్తనాళాల కణాలు పెంచే పని చేశాను, ఆ పనిలో ట్రిప్సిన్ లేకుండా పొద్దు గడవదు.

మీరు చదివింది అబద్ధమేం కాదు. కాన్పయ్యాక పారేసే బొడ్డుతాడు తెచ్చి, అందులోని సిర లోపలి పొరను, కణాల్ని పట్టి ఉంచే కొలాజెన్‌ను కోసే ఎంజైమ్ కొలాజినేజ్‌తో ఊడదీసి, ఆ కణాల్ని జెలటిన్ పూసిన ఫ్లాస్కులో పెంచుతాం. 1973లో జాఫీ బృందం వివరించిన పద్ధతే ఇప్పటికీ. కణాలు ఫ్లాస్కు అడుగంతా బండలు పరిచినట్టు నిండాక వేరే ఫ్లాస్కులోకి మార్చాలి. అప్పుడు పోసేదే ట్రిప్సిన్. మైక్రోస్కోపులో చూస్తూ ఉండగానే ఆ కణాలు అంచులు ముడుచుకుని గుండ్రంగా అవుతాయి, ఫ్లాస్కు పక్కన చిన్నగా తడితే లేచి తేలతాయి. అక్కడే ఆపకపోతే కణాలే దెబ్బతింటాయి, అందుకే వెంటనే సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలిపిన ద్రవం పోస్తాం. సీరం తగలగానే ట్రిప్సిన్ ఆట కట్టు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

(ట్రిప్సిన్ తనను తానే కోసుకుంటుంది కూడా. మే నెలలో మన ఊరి ఎండకి బల్ల మీద మర్చిపోతే సాయంత్రానికి దాని పదును పోతుంది. ఐసులోంచి తీసేవాళ్లమే కాదు.)

ఇక పెంచే సంగతి. ఈ కణాల పైపొరలో పార్-2 అనే గ్రాహకం (సంకేతాలు అందుకునే ప్రొటీన్) ఉంటుంది, 1994లో కనిపెట్టారు. మామూలు గ్రాహకాలకి బయటినుంచి ఏదో హార్మోను వచ్చి అతుక్కోవాలి. దీనికలా కాదు. బయటికి వేలాడే దాని తోకను ట్రిప్సిన్ ఒక్కచోట కోస్తుంది, కోసిన చోట బయటపడ్డ కొస వెనక్కి వంగి అదే గ్రాహకంలో కూర్చుని దాన్ని ఆన్ చేస్తుంది. కణంలో కాల్షియం పెరుగుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ వెలువడుతుంది, విభజన సంకేతాలూ మొదలవుతాయి. కణాలు ఊడదీయడానికి వాడే మోతాదుకి వేల రెట్లు పల్చగా ఉన్నా ఇది జరుగుతుంది. కాకపోతే ఒకసారి కోసిన గ్రాహకం మళ్లీ పనికిరాదు, కణం దాన్ని లోపలికి లాక్కుని అరిగించేస్తుంది.

ఇదంతా ఫ్లాస్కులో. మీ నాన్నగారి క్యాప్సూల్‌లోని గుళికలకు ఆమ్లానికి కరగని పూత ఉంటుంది, అవి కడుపు దాటి చిన్నపేగులో కరిగి అన్నాన్ని అరిగిస్తాయి. ట్రిప్సిన్ ప్రొటీన్, అంటే పెద్ద అణువు, పేగులోంచి రక్తంలోకి చేరేది బహు తక్కువ. చేరినా అక్కడ ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్, ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ అనే, ట్రిప్సిన్‌ని పట్టి ఆపే ప్రొటీన్లు కాపు కాసి ఉంటాయి. ఫ్లాస్కులో సీరం ట్రిప్సిన్‌ని ఆపిందీ వీటివల్లే. రక్తనాళాల్లో పార్-2ని తట్టి లేపేది ఎక్కువగా మాస్ట్ కణాలు (అలర్జీలో పనిచేసే రోగనిరోధక కణాలు) విడిచే ట్రిప్టేజ్, గడ్డకట్టే వ్యవస్థలోని ఫ్యాక్టర్ టెన్-ఎ లాంటివి. అయినా బాగున్న క్లోమం భోజనానికి పోసే ట్రిప్సిన్ ఈ క్యాప్సూల్స్ ఇచ్చేదానికన్నా చాలా ఎక్కువ. దానివల్ల మన రక్తనాళాలు మూసుకుపోవట్లేదు కదా.

అక్యూట్ పాంక్రియాటైటిస్ (క్లోమానికి హఠాత్తుగా వచ్చే వాపు) వేరే కథ, అక్కడ ట్రిప్సిన్ క్లోమంలోనే చైతన్యమై క్లోమాన్నే కోస్తుంది. దానికీ ఈ క్యాప్సూల్స్‌కీ ముడిపెట్టకండి.

మా పెదనాన్నకీ ఇవే రాశారు. ఆయన భోజనమంతా అయ్యాక, చేయి కడుక్కుని వచ్చి వేసుకునేవారు. విరేచనాల్లో జిడ్డు తగ్గనే లేదు. మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఇంకోటి అని డాక్టరు విడగొట్టి చెప్పాక తేడా కనిపించింది. నమలకూడదు, వేడి అన్నంలో చల్లకూడదు. ఇవి పంది క్లోమం నుంచి తీసినవి, ఇంట్లో పట్టింపు ఉంటే ముందే డాక్టరుగారితో మాట్లాడుకోండి. స్టెంట్ కోసం ఇచ్చిన రక్తం పలచబరిచే మందులు మాత్రం గుండె డాక్టరుగారు చెప్పకుండా ఆపనివ్వకండి.