సిపాయి కంటే ముందు ఆయన భార్య అర్జీ వెతకండి

ప్రశ్న: మా అమ్మాయి ఓహాయోలో ఉంటోంది. అల్లుడు అక్కడివాడే. పదకొండేళ్ల మనవడికి స్కూల్లో వంశవృక్షం తయారు చేయమని ప్రాజెక్టు ఇచ్చారు. మా వియ్యంకుడి ముత్తాత అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున సిపాయిగా చేశాడని వాళ్లింట్లో చెప్పుకుంటారు. పేరు తెలుసు, రేకు మీద తీసిన చిన్న ఫోటో ఒకటి ఉంది. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. మనవడేమో వీడియో కాల్ చేసినప్పుడల్లా "అమ్మమ్మా, మన వైపు సోల్జర్ ఎవరూ లేరా?" అంటున్నాడు. మా నాన్నగారి నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీలో చేశారు. ఆయనది ఒక మెడల్ మిగిలింది, కాగితాలేవీ లేవు. రెండు వైపులా వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసి చాలా సంతోషం వేసింది. ముప్పై ఏళ్లు రికార్డు గదిలో ఎర్రగుడ్డ కట్టలు విప్పుతూ కడుతూ గడిపినవాణ్ణి. పోయినవాళ్ల కోసం వెతికేవాళ్లు ఎవరొచ్చినా నాకు మన ఇంటివాళ్లే అనిపిస్తుంది. ఆ గదిలో నాకు తెలిసొచ్చిన సంగతి ముందు చెప్పేస్తాను. సిపాయి ఎక్కడ పోరాడాడో చెప్పే కాగితం చిన్నది. ఆయన పోయాక పింఛను కోసం భార్య పెట్టుకున్న అర్జీ పెద్దది. మీ మనవడికి కావలసిన వంశవృక్షం ఆ అర్జీలో ఉంటుంది.

అయితే అర్జీ దాకా వెళ్లాలంటే ఆయన పనిచేసిన దళం, అంటే రెజిమెంటు, తెలియాలి. పేరొక్కటీ చాలదు. మన వైపు "అప్పారావూ" అని పిలిస్తే వీధిలో నలుగురు పలుకుతారు కదా, అక్కడా అంతే. అమెరికా నేషనల్ పార్క్ సర్వీసు వారి 'సోల్జర్స్ అండ్ సెయిలర్స్' డేటాబేస్ ఉచితంగా చూడొచ్చు. రెండు పక్షాలవీ కలిపి అందులో 63 లక్షల పేర్లున్నాయి. ఒకే మనిషి రెండు మూడు చోట్ల, రెండు మూడు స్పెల్లింగులతో కనిపిస్తాడు కాబట్టి అంత సంఖ్య వచ్చింది. జర్మనీ నుంచి వచ్చిన మ్యూలర్‌ని గుమాస్తా మిల్లర్ అని రాసేస్తే ఆయన మిల్లర్ అయిపోయాడు. ఇంటిపేరు ఎన్ని రకాలుగా పలకొచ్చో అన్ని రకాలుగానూ కొట్టి చూడమనండి.

రెజిమెంటు తెలుసుకోవడానికి మీ వియ్యపురాలి దగ్గరున్న ఫోటోయే మంచి సాక్షి. రేకు మీద తీసిన ఆ కాలపు ఫోటోల్లో బొమ్మ అద్దంలో చూసినట్టు తారుమారుగా పడుతుంది. కుడి చెయ్యి ఎడమగా, బెల్టు మీది అక్షరాలు వెనక్కి తిరిగినట్టు ఉంటాయి. మనవణ్ణి సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి, దాన్ని అడ్డంగా తిప్పి చూడమనండి. టోపీ పైభాగంలో ఇత్తడి అంకె, ఒక అక్షరం ఉన్నాయేమో వెతకాలి. అందరి టోపీలకూ ఉండవు. ఉంటే మాత్రం అంకె రెజిమెంటుది, అక్షరం కంపెనీది. కాల్బలం రెజిమెంటుకి సుమారు వెయ్యి మంది, పది కంపెనీలు. వాటికి ఏ నుంచి కే దాకా అక్షరాలు పెట్టారు, మధ్యలో జే వదిలేశారు. చేతిరాతలో ఐ, జే ఒకేలా కనిపిస్తాయని. కాబట్టి ఫోటోలో జే కనిపించిందంటే అది జే కాదు, ఇంకోసారి చూడాలి.

ఫోటో పలకకపోతే సమాధి దగ్గరికి వెళ్లమనండి. ఉత్తరాది సిపాయిలకు ప్రభుత్వం ఇచ్చిన రాయి పైభాగం గుండ్రంగా ఉంటుంది, ముందువైపు డాలు ఆకారం చెక్కి అందులో పేరు, కంపెనీ, రెజిమెంటు ఉంటాయి. పైభాగం కోసుగా ఉంటే అది దక్షిణాది సిపాయిది. మీవాళ్లది ఓహాయో కావడం అదృష్టం. ఆ రాష్ట్రం తన సిపాయిల పేర్లన్నీ 12 సంపుటాలుగా అచ్చు వేయించింది. చేరిన తేదీ, అప్పటి వయసు, గాయపడ్డాడా, ఎప్పుడు విడుదలయ్యాడు అన్నీ పేరు పక్కనే ఒక లైనులో ఉంటాయి. 1890 జనాభా లెక్కల కాగితాలు దాదాపు అన్నీ పోయినా, అప్పుడే విడిగా రాసుకున్న మాజీ సిపాయిల, వాళ్ల వితంతువుల జాబితాల్లో ఓహాయోది మిగిలింది. అదీ చూడమనండి.

ఇక అసలు కాగితాలు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. రెండు రకాలు. సర్వీసు రికార్డు అంటే మన ఉపాధి హామీ మస్టర్ లాంటిది. రెండేసి నెలలకు హాజరు వేసి, ఉన్నాడు, లేడు, ఆస్పత్రిలో ఉన్నాడు అని రాసుకున్నవి. యుద్ధం అయిన పాతికేళ్లకు వాటిని మనిషి మనిషికీ విడదీసి కార్డుల మీద ఎక్కించారు. ఎన్ని వేల గుమాస్తాల చేతులు నొప్పెట్టాయో నాకు ఊహకందుతుంది. దాని కోసం ఎన్‌ఏటీఎఫ్ 86 అనే ఫారం, పింఛను ఫైలు కోసం 85. ఆన్‌లైన్‌లో పంపుకోవచ్చు. ఫీజు కట్టేటప్పుడు ఎంపిక చేసిన కాగితాలు అని కాకుండా పూర్తి ఫైలు కావాలని అడగమనండి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

ఎందుకంటే ఆ ఫైల్లో ఏముంటుందో వినండి. 1862 చట్టం ప్రకారం మామూలు సిపాయి భార్యకు నెలకు 8 డాలర్లు వచ్చేది, 1886లో 12 చేశారు. ఆ కాస్త డబ్బు కోసం ఆమె తనకు పెళ్లయిందని రుజువు చేసుకోవాలి. పెళ్లి చేసిన పాదిరి కాగితం లేకపోతే పెళ్లి చూసినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పాలి. కాన్పు చేసిన మంత్రసాని చెప్పాలి. పిల్లల పుట్టిన తేదీలకు రుజువుగా ఇంట్లో బైబిల్‌లో రాసుకున్న పేజీని చింపి పంపినవాళ్లున్నారు. కొడుకు పోయిన తల్లులు "వాడు నాకు డబ్బు పంపేవాడు" అని చూపించడానికి యుద్ధభూమి నుంచి వాడు రాసిన ఉత్తరాలే జత చేశారు. అవి తిరిగి ఇంటికి రాలేదు. ఇప్పటికీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. సిపాయి బతికుండగా తనే పింఛను అడిగి ఉంటే డాక్టరు పరీక్ష కాగితం ఉంటుంది. దాని మీద మనిషి బొమ్మ అచ్చు వేసి, గాయం ఎక్కడో ఆ బొమ్మ మీద గుర్తు పెట్టేవారు. 1898లోనూ 1915లోనూ పింఛనుదార్లందరికీ ప్రశ్నలు పంపారు: భార్య పేరేమిటి, పెళ్లి ఎక్కడ, బతికున్న పిల్లలెవరు, ఎప్పుడు పుట్టారు? మీ వియ్యంకుడి తాతగారి పేరు ఆ జవాబులో, సొంత తండ్రి చేతిరాతలో కనిపించవచ్చు.

ఇదంతా ఎంతో పాతదని మనవడికి అనిపిస్తే ఒక మాట చెప్పండి. ఆ యుద్ధం 1865లో ముగిసింది. దాని తాలూకు చివరి పింఛను, నెలకు 73 డాలర్ల 13 సెంట్లు, ఐరీన్ ట్రిప్లెట్ అనే ఆవిడ 2020లో కన్నుమూసేదాకా అందుకుంది. ఆవిడ తండ్రి ముందు దక్షిణాది సైన్యంలో చేరి, అక్కణ్ణుంచి పారిపోయి ఉత్తరాది సైన్యంలో చేశాడు. మీవాళ్ల విషయంలోనూ ఇంట్లో చెప్పుకునేది పూర్తిగా నిజమని అనుకోవద్దు. ఉత్తరాది ఫైల్లో దొరక్కపోతే దక్షిణాది రాష్ట్రాల ఆర్కైవ్స్ చూడాలి, వాళ్ల పింఛన్లు ఆ రాష్ట్రాలే ఇచ్చాయి.

ఇప్పుడు మీ తాతగారి సంగతి. మెడల్‌ని ముందూ వెనకా చూసి వదిలేసి ఉంటారు. అంచు చూడండి. కిటికీ దగ్గర నిలబడి, సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి వేసి, మెల్లగా తిప్పండి. మన సిపాయిలకు ఇచ్చిన చాలా మెడల్స్ అంచు మీద నంబరు, హోదా, పేరు, రెజిమెంటు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఉంటాయి.

నాకిది ఎలా తెలుసంటే, మా తాత మెడల్ కూడా అంతే. వెండి బిళ్ల, మీద గుర్రమెక్కిన వీరుడు. ఇంట్లో దాన్ని గుర్రపు బిళ్ల అనేవాళ్లం. తాత ఆఫ్రికా వెళ్లి యుద్ధం చేశాడని నాయనమ్మ చెబితే మేం పిల్లలం నమ్మేవాళ్లం కాదు. ఆవిడ పింఛను కాగితాలన్నీ ఒక ట్రంకు పెట్టెలో ఉండేవి. బురుజుపేటలో ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత న్యూస్‌పేపర్లతో కలిపి నేనే వాటిని మోసుకెళ్లి తూకం వేయించాను. అప్పుడు నాకు పదహారేళ్లు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఊరందరి కాగితాలూ భద్రం చేశాను. మా నాయనమ్మవి మాత్రం లేవు. రిటైరయ్యాక ఒకరోజు ఆ బిళ్ల అంచు చూస్తే '61 పయనీర్స్' అని ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ మద్రాసు దళం తూర్పు ఆఫ్రికాలోనే పని చేసింది. నాయనమ్మ చెప్పింది నిజమే. ఆ సాయంత్రం నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

మీ తాతగారి నంబరు, రెజిమెంటు దొరికితే ఆ రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకి రాయండి. మద్రాస్ రెజిమెంటుదైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లది, అంటే ఇంజనీరింగ్ దళానిదైతే బెంగళూరు. ఎలా రాయాలో తెలియకపోతే మన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. మీ బంధువుల్లో యుద్ధంలోనే పోయినవారు ఉంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు ఉచితంగా వెతకొచ్చు. అందులో ఊరి పేరు పక్కన 'వైజాగపటం' అని కనిపిస్తే తికమక పడకండి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం వేరు జిల్లాలయ్యాయి. ఇప్పుడు ఆ జిల్లాల్లో ఉన్న ఊళ్లు చాలా అప్పట్లో మన జిల్లాలోనివే.

మీ నాయనమ్మగారు పింఛను తీసుకున్నారా? తీసుకుంటే ఆ పాస్‌బుక్కు, ఆర్డరు కాగితం మీ బాబాయిల ఇళ్లలోనో మేనత్తల ఇళ్లలోనో ఉండొచ్చు. ముందు ఫోన్లు చేయండి. రికార్డ్స్ ఆఫీసుకి రాసే ఉత్తరం తర్వాత. టోపీ మీద అక్షరమేమిటో మనవడు చెప్పాక నాకు మళ్లీ రాయండి.

మెడల్‌ని మాత్రం చింతపండుతో తోమకండి. మా అమ్మ ప్రతి దసరాకీ తళతళలాడేలా తోమేది. మా తాత పేరులో రెండు అక్షరాలు అలా అరిగిపోయాయి.